వై-ఫై వెనక వేరు కుంపట్లు!

ల్యాప్‌టాప్ తెరవగానే స్క్రీన్ మూలన చిన్న గీతలు వెలుగుతాయి. ఇంటర్నెట్ వచ్చేస్తుంది. ఒకప్పుడు లినక్స్ కంప్యూటర్లలో ఆ గీతలు వెలగాలంటే అదృష్టం కలిసి రావాల్సిందే. ఆ కష్టం తీరింది ఓ పని విభజన వల్ల. చిప్పు ఏం చెయ్యాలి, డ్రైవర్ ఏం చెయ్యాలి, అందరికీ కలిపి ఒక్కచోట ఏం చెయ్యాలి... ఈ మూడు ప్రశ్నలకీ సమాధానం వెతుక్కున్న కథ ఇది.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. పాస్‌వర్డ్ కొట్టాం. నెట్ వచ్చింది. ఇందులో వింతేముంది అనిపిస్తుంది ఇప్పుడు. అదే 2004-05 ప్రాంతంలో లినక్స్ వాడిన ఇంజినీరింగ్ విద్యార్థుల్ని కదిపి చూడండి. 'వైర్‌లెస్ పనిచేసేదా?' అంటే ముందు నిట్టూర్పు, ఆ తర్వాతే సమాధానం!

ఇంటెల్ సంస్థ 2003 మార్చిలో 'సెంట్రినో' పేరుతో ల్యాప్‌టాప్‌లలోనే వై-ఫైని అమర్చి ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. విండోస్‌కి కావాల్సిన డ్రైవర్లను అవే సీడీలో వేసి ఇచ్చేవి. లినక్స్ సంగతి మాత్రం చాలా కంపెనీలకి పట్టలేదు. చిప్పు లోపల ఏముందో చెప్పే కాగితాలూ బయటపెట్టలేదు. విధిలేక కొందరు విండోస్ కోసం రాసిన డ్రైవర్‌నే తెచ్చి లినక్స్‌లో నడిపించే 'ఎన్‌డీఐఎస్ ర్యాపర్' అనే ఉపాయం కనిపెట్టారు. పనిచేస్తే చేసినట్టు, లేకపోతే లేదు. ఎందుకు ఆగిపోయిందో చూద్దామంటే లోపలికి తొంగిచూసే వీల్లేదు.

డ్రైవర్లు లేకపోవడం ఒక సమస్య. ఉన్న డ్రైవర్లు ఎవరి దారి వారిదన్నట్టు ఉండటం అంతకన్నా పెద్ద సమస్య.

ఇంతకీ డ్రైవర్ చేసేదేంటి?

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది కెర్నెల్. దానికి ప్రింటర్ భాష తెలియదు, కెమెరా భాష తెలియదు, వై-ఫై చిప్పు భాషా తెలియదు. ఒక్కో పరికరానికీ కెర్నెల్‌కీ మధ్య దుబాసీగా పనిచేసే సాఫ్ట్‌వేరే డ్రైవర్.

తీగతో వచ్చే నెట్‌కి డ్రైవర్ రాయడం కొంత తేలిక. సమాచారం పొట్లాలు కట్టి ఇటునుంచి అటు పంపాలి, అటునుంచి వచ్చింది అందుకోవాలి. స్థూలంగా అంతే. వై-ఫై అలా కాదు. చుట్టుపక్కల ఏయే నెట్‌వర్కులున్నాయో వెతకాలి. ఒకదాన్ని ఎంచుకుని 'నేనూ చేరతాను' అని అనుమతి అడగాలి. తాళంచెవి సరిపోల్చుకోవాలి. ప్రతి పొట్లానికీ రహస్య సంకేతాల ముసుగు వెయ్యాలి. గోడ అడ్డొచ్చి సిగ్నల్ తగ్గితే వేగం తగ్గించాలి, దగ్గరకొస్తే పెంచాలి. బ్యాటరీ ఆదా కోసం మధ్యమధ్యలో కునుకు తియ్యాలి. పైగా ఆ దేశం అనుమతించిన చానెల్‌లోనే, అనుమతించిన శక్తితోనే మాట్లాడాలి. ఈ నియమాలన్నీ 802.11 అనే ప్రమాణంలో ఉన్నాయి. దాని మొదటి రూపం 1997లో వచ్చింది.

ఇన్ని పనుల్లో చిప్పు వాటా ఎంత? కంప్యూటర్ వాటా ఎంత? అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

సెకనులో లక్షో వంతు

కొన్ని పనుల విషయంలో తర్జనభర్జనలకి తావే లేదు. వై-ఫైలో ఒక పొట్లం అందగానే 'ముట్టింది' అని జవాబు పంపాలి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఆ జవాబుకి ముందు ఉండాల్సిన విరామం 10 మైక్రోసెకన్లు. అంటే సెకనులో లక్షో వంతు! అంత తక్కువ సమయంలో విషయం కెర్నెల్ దాకా వెళ్ళి రావడం అయ్యే పని కాదు. కాబట్టి ఆ పని చిప్పే చెయ్యాలి.

నెట్‌వర్కులు వెతకడం, చేరడం, వేగం నిర్ణయించడం లాంటి మిగతా పనులకి అంత తొందరేం లేదు. వాటిని ఎక్కడైనా పెట్టొచ్చు. ఇక్కడే చిప్పుల తయారీదారులు రెండు దారులు పట్టారు. మొదటిది 'ఫుల్‌మ్యాక్'. దాదాపు అన్ని పనులూ చిప్పులోనే, దాని సొంత చిన్న ప్రాసెసరే చేసుకుంటుంది. కంప్యూటర్ 'ఫలానా నెట్‌వర్క్‌లో చేరు' అంటే చాలు. రెండోది 'సాఫ్ట్‌మ్యాక్'. క్షణాల్లో జరగాల్సిన పనులు మాత్రం చిప్పు చేస్తుంది, తక్కినవన్నీ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. చిప్పు చౌకగా వస్తుంది, కంప్యూటర్ మీద బరువు పెరుగుతుంది.

ఎవరి కుంపటి వారిదే

సాఫ్ట్‌మ్యాక్ చిప్పులు పెరిగేకొద్దీ లినక్స్ డ్రైవర్లు రాసేవాళ్ళకి తిప్పలు మొదలయ్యాయి. నెట్‌వర్క్‌లో చేరే పద్ధతి ప్రమాణం ప్రకారం అందరికీ ఒకటే. ముసుగు వేసే లెక్కా ఒకటే. అయినా దాన్ని రాసే ఉమ్మడి చోటు కెర్నెల్‌లో లేదు. దాంతో ఏ డ్రైవర్ రాసేవాళ్ళు ఆ డ్రైవర్‌లోనే అన్నీ వండుకున్నారు. ఒకే ఇంట్లో నాలుగు కుంపట్లు వెలిగించి నలుగురూ అదే పప్పు విడివిడిగా ఉడకబెట్టుకున్నట్టు!

ఫిన్లాండ్‌కి చెందిన జౌనీ మాలినెన్ 'ప్రిజం' చిప్పుల కోసం 'హోస్ట్ ఏపీ' డ్రైవర్ రాశారు. దాన్లో ఒక వై-ఫై యంత్రాంగం ఉంది. ఇంటెల్ వాళ్ళు తమ చిప్పుల కోసం దాన్నుంచి కొంత తీసుకుని 'ఐఈఈఈ80211' పేరుతో మరోటి కట్టారు. ఈ రెండూ 2005 అక్టోబరులో వచ్చిన 2.6.14 కెర్నెల్‌లో చేరాయి. అథెరోస్ చిప్పుల కోసం వచ్చిన 'మ్యాడ్‌వై-ఫై' డ్రైవర్ బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల నుంచి ఇంకో యంత్రాంగాన్ని తెచ్చుకుంది. పైగా దాని నడిమి భాగం ఎవరూ చదవలేని మూసిన పెట్టె.

నష్టం ఎవరికి? వాడేవాళ్ళకే. పాత 'వెప్' భద్రతను ఛేదించవచ్చని 2001లోనే తేలిపోయింది. 2004లో కొత్త భద్రతా ప్రమాణం ఖరారైంది. కానీ ఆ కొత్త తాళం ఒక్కో డ్రైవర్‌కీ ఒక్కోసారి బిగించుకోవాలి. ఒక డ్రైవర్‌లో దొరికిన తప్పు దిద్దినా పక్క డ్రైవర్‌లో అలాగే ఉండిపోయేది.

రౌటర్లదీ అదే గతి. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ లోపల ఉన్నది లినక్స్. ఆ సోర్స్ కోడ్ 2003లో బయటికి రావడంతో ఔత్సాహికులు 2004లో 'ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ' మొదలుపెట్టారు. కానీ అందులోని బ్రాడ్‌కామ్ వై-ఫై డ్రైవర్ మాత్రం మూసినదే. అది పాత 2.4 కెర్నెల్ కోసం తయారైంది. కాబట్టి ఆ వై-ఫై కావాలనుకున్న వాళ్ళు, మిగతా ప్రపంచం 2.6కి వెళ్ళినా పాత కెర్నెల్‌నే పట్టుకుని వేళ్ళాడాల్సి వచ్చింది.

ఉన్నదా... కొత్తదా?

2006 జనవరికి లినక్స్ నెట్‌వర్కింగ్ పెద్దలకి ఓపిక నశించింది. వైర్‌లెస్ వ్యవహారాలన్నీ చూసే బాధ్యతను రెడ్‌హ్యాట్ సంస్థలో పనిచేస్తున్న జాన్ లిన్‌విల్‌కి అప్పగించారు. ఆయన ముందున్న దారులు ప్రధానంగా రెండు.

ఒకటి, కెర్నెల్‌లో అప్పటికే ఉన్న ఐఈఈఈ80211ని మెరుగుపరచడం. దీనికో బలం ఉంది. పనిచేస్తున్నదాన్ని పడగొట్టకుండా కొంచెం కొంచెంగా బాగుచేసుకోవాలన్నది లినక్స్‌లో పాత సంప్రదాయం. బలహీనతా ఉంది. అది ఇంటెల్ చిప్పుల్ని దృష్టిలో పెట్టుకుని కట్టినది. వాటిలో చాలా పనులు చిప్పులోని ఫర్మ్‌వేరే చేసేది. పూర్తి సాఫ్ట్‌మ్యాక్ చిప్పులకి కావాల్సిన సగం సరంజామా ఇందులో లేదు. ఆ లోటు పూడ్చడానికి జర్మనీకి చెందిన యోహానెస్ బెర్గ్, మరికొందరు కలిసి దానిపై 'సాఫ్ట్‌మ్యాక్' పేరుతోనే ఒక పొర కట్టారు. బ్రాడ్‌కామ్ చిప్పుల్ని కొందరు ఔత్సాహికులు విప్పి చదివి, ఒక బృందం వివరాలు రాస్తే, ఆ కాగితాల్ని మాత్రమే చూసి మరో బృందం డ్రైవర్ రాసింది. ఆ డ్రైవర్ ఈ పొర మీదే ఆధారపడి 2006 జూన్ నాటి 2.6.17 కెర్నెల్‌లోకి వచ్చింది.

రెండోది, బయటినుంచి వచ్చిన సరుకు. వై-ఫై రౌటర్లకి సాఫ్ట్‌వేర్ చేసే డివైస్‌స్కేప్ అనే అమెరికా కంపెనీ తన మొత్తం యంత్రాంగాన్ని స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చేసింది. హోస్ట్ ఏపీ రాసిన మాలినెన్ ఆ కంపెనీలోనే పనిచేసేవారు. రౌటర్‌గా పనిచేయడం, భద్రత, వేగం లెక్కలు... అన్నీ అందులో ఉన్నాయి. అయితే అది కెర్నెల్ పద్ధతుల్లో రాసింది కాదు. చాలా శుభ్రం చెయ్యాలి. పైగా దాన్ని తెస్తే అప్పటిదాకా రాసిన డ్రైవర్లను మళ్ళీ తిరగరాయాలి.

ఇల్లు కట్టుకునేవాళ్ళకి పరిచయమైన సందిగ్ధమే ఇది. ఉన్న పునాది మీద ఇంకో అంతస్తు లేపాలా? ఖర్చయినా కొత్త పునాది వెయ్యాలా?

చివరికి కొత్త పునాదికే మొగ్గారు. సూసే సంస్థకి చెందిన యిరీ బెంక్ ఆ కోడ్‌ని శుభ్రం చేసే పనికి పూనుకున్నారు. ఏడాదికి పైగా అది ప్రధాన కెర్నెల్ బయటే, లిన్‌విల్ నడిపే ప్రత్యేక శాఖలో పెరిగింది. చివరికి 'మ్యాక్80211' అని పేరు మార్చుకుని 2007 జులైలో విడుదలైన 2.6.22 కెర్నెల్‌లో అడుగుపెట్టింది.

ఇక్కడో విశేషం చెప్పుకోవాలి. పాతదాని మీద సాఫ్ట్‌మ్యాక్ పొర కట్టిన యోహానెస్ బెర్గ్ తన కోడ్ పక్కకి పోతోందని అలగలేదు. కొత్తదానిలోనే చేరి దాన్ని తీర్చిదిద్దారు. తర్వాత ఏళ్ళ తరబడి దాని బాగోగులు చూసుకున్నదీ ఆయనే. ఆయన కట్టిన పాత పొరను తర్వాత కెర్నెల్ నుంచి తీసేశారు.

గేట్లు తెరుచుకున్నాయి

ఫలితం ఏడాది తిరక్కుండానే కనిపించింది. 2008 జనవరి నాటి 2.6.24 కెర్నెల్‌లో ఇంటెల్, బ్రాడ్‌కామ్, రాలింక్ చిప్పుల డ్రైవర్లు మ్యాక్80211 మీద ఆధారపడి వచ్చాయి. బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ని ఆ ఔత్సాహికులే తిరగరాశారు. ఏప్రిల్‌లో 2.6.25తో పాటు 'ఏటీహెచ్5కే' వచ్చింది. మూసిన పెట్టె అక్కర్లేని అథెరోస్ డ్రైవర్ అది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు విప్పి చదివిన వివరాలే దానికి ఆధారం.

ఆ తర్వాత కంపెనీల వైఖరే మారింది. అథెరోస్ 2008లో తన కొత్త చిప్పులకి తానే బహిరంగ డ్రైవర్ ఇచ్చింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కూడా దిగొచ్చింది. దీనికి కారణాలు ఇంకా ఉండొచ్చు. కానీ ఒకటి మాత్రం స్పష్టం. ఉమ్మడి వంటిల్లు సిద్ధంగా ఉన్నాక కంపెనీ రాయాల్సింది బాగా తగ్గిపోయింది. చిప్పుని లేపడం, చానెల్ మార్చడం, పొట్లం ఇవ్వడం, పుచ్చుకోవడం లాంటి తన చిప్పుకే ప్రత్యేకమైన పనులు రాసుకుంటే చాలు. మిగతాది ముందే ఉంది.

చిప్పే లేకుండా పరీక్షించే సదుపాయం కూడా వచ్చింది. 2008లో వచ్చిన 'హెచ్‌డబ్ల్యూసిమ్' అనే ఉత్తుత్తి డ్రైవర్ సాయంతో ఒకే కంప్యూటర్‌లో లేని రేడియోల్ని ఉన్నట్టు సృష్టించి, వాటి మధ్య వై-ఫై సంభాషణ నడిపించి తప్పులు పట్టుకోవచ్చు. వేరు కుంపట్ల కాలంలో ఇది ఊహకందని సౌకర్యం.

దేశానికో చట్టం

కంపెనీలు డ్రైవర్ల గుట్టు విప్పకపోవడానికి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది చట్టం. రేడియో తరంగాలు ప్రభుత్వాల ఆస్తి. అమెరికాలో 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి వాడేది 1 నుంచి 11 చానెళ్ళు. మన దగ్గర 13 దాకా వాడొచ్చు. 14వది జపాన్‌లో మాత్రమే. కోడ్ బయటపెడితే ఎవరైనా నిబంధన మార్చేసి నిషిద్ధ చానెల్‌లో మాట్లాడతారనీ, మాట తమకొస్తుందనీ వాటి భయం. అందుకే ఇంటెల్ ఒక చిప్పు విషయంలో ఈ నియమాల పనిని చూసేందుకు చదవడానికి వీల్లేని చిన్న ప్రోగ్రామ్‌ను జతచేసింది. అది నడవకపోతే వై-ఫై లేదు. 2007లో ప్రకటించిన కొత్త డ్రైవర్‌తో ఆ బెడద వదిలింది.

ఈ పనినీ ఉమ్మడి చేశారు. ఏ దేశంలో ఏ పట్టీ, ఎంత శక్తి అన్నది ఒక పట్టికలో రాసి డ్రైవర్లన్నిటికీ పైన పెట్టారు. అందులో భారత్‌కీ ఒక వరస ఉంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఇంటా బయటా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని ప్రభుత్వం 2005 జనవరిలో ప్రకటించింది. 5 గిగాహెర్ట్జ్‌లో మరింత విశాలంగా 2018 అక్టోబరులో తలుపులు తెరిచింది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు ఆ పట్టికలో భారత్ వరసని దిద్దితే సరి. హైదరాబాద్‌లోని ల్యాప్‌టాప్‌కైనా, విశాఖలోని రౌటర్‌కైనా ఆధారం అదే పట్టిక.

మరి ఫోన్ల మాటేంటి?

అన్నిటినీ ఒకే మూసలో పోసి ఉంటే ఈ కథ ఇంత బాగా ముగిసేది కాదు. ఫుల్‌మ్యాక్ చిప్పులు ఎక్కడికీ పోలేదు. ఫోన్లు వచ్చాక మరీ పెరిగాయి. కారణం బ్యాటరీ. వై-ఫై పనులు చిప్పే చూసుకుంటే ఫోన్ ప్రధాన ప్రాసెసర్ హాయిగా నిద్రపోవచ్చు. 2016లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3 చిన్న కంప్యూటర్‌లో ఉన్నదీ ఫుల్‌మ్యాక్ చిప్పే.

అందుకే లినక్స్ వాళ్ళు రెండు మెట్లు కట్టారు. పై మెట్టు 'సీఎఫ్‌జీ80211'. నెట్‌వర్కులు చూపించు, ఇందులో చేరు, ఈ దేశం నియమాలు పాటించు... ఇలాంటి ఆదేశాలన్నీ ఇక్కడికే వస్తాయి. ఏ చిప్పయినా దీనికి జవాబు చెప్పాల్సిందే. కింది మెట్టు మ్యాక్80211. ఇది సాఫ్ట్‌మ్యాక్ చిప్పులకే. ఫుల్‌మ్యాక్ డ్రైవర్లు ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా పై మెట్టుకే వెళ్ళిపోతాయి. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో 'వై-ఫై' మీట నొక్కినప్పుడు ఆదేశం వెళ్ళేది ఈ దారినే.

పైగా ఈ సరిహద్దు గట్టుగోడ కాదు. వై-ఫై వేగాలు పెరిగి కంప్యూటర్ మీద బరువు ఎక్కువైనప్పుడు కొన్ని పనుల్ని తిరిగి చిప్పుకే అప్పగించే వెసులుబాటునీ మ్యాక్80211లో చేర్చుకుంటూ వచ్చారు.

మైక్రోసాఫ్ట్‌కీ ఈ సందిగ్ధం తప్పలేదు. ఎక్స్‌పీ రోజుల్లో విండోస్ దృష్టిలో వై-ఫై కూడా తీగ నెట్‌లాగే కనిపించేది. 2007లో జనంలోకి వచ్చిన విస్టాతో 'నేటివ్ వై-ఫై' పేరుతో ప్రత్యేక ఏర్పాటు చేశారు. విండోస్ 10తో అదీ పాతబడి ఇంకో పద్ధతి వచ్చింది. ఫ్రీబీఎస్‌డీ వాళ్ళయితే తమకు సొంత యంత్రాంగం ఉన్నా, లినక్స్ ఇంటెల్ డ్రైవర్‌ని నడిపించుకోవడానికి మ్యాక్80211ని అనుకరించే పొరను కట్టుకున్నారు. అది 2022లో వచ్చిన 13.1 వెర్షన్‌లో చేరింది.

కలిసుంటే సుఖమే... కానీ!

ఉమ్మడి కాపురంలో లాభం ఏంటో 2021 మేలో మరోసారి తెలిసింది. మాథీ వాన్‌హోఫ్ అనే పరిశోధకుడు 'ఫ్రాగ్‌అటాక్స్' పేరుతో వై-ఫైలోని లోపాలు బయటపెట్టారు. వాటిలో కొన్ని 1997 నాటి ప్రమాణంలోనే ఉన్నాయి. మ్యాక్80211లో వరసగా దిద్దుబాట్లు చేశారు. దానిమీద ఆధారపడిన డ్రైవర్లలో చాలావాటికి ఆ రక్షణ ఒకేసారి దక్కింది. పొట్లాలు విప్పే పనిని చిప్పుకే వదిలేసిన కొన్నిటికి మాత్రం విడిగా మందు వెయ్యాల్సి వచ్చింది. ఫుల్‌మ్యాక్ చిప్పుల్లో తప్పు లోపలుంటే కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చేదాకా ఎదురుచూడాల్సిందే. 2017లో 'బ్రాడ్‌ప్వన్' లోపం బ్రాడ్‌కామ్ చిప్పులున్న ఆండ్రాయిడ్ ఫోన్లనీ ఐఫోన్లనీ వణికించింది ఇలాగే.

అలాగని ఉమ్మడి పద్ధతిలో ప్రమాదం లేదని కాదు. 2022 అక్టోబరులో జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు ఆ ఉమ్మడి పొరల్లోనే లోపాలు పట్టుకున్నారు. ఎవరో గాల్లోకి వదిలిన దొంగ సంకేతంతోనే కంప్యూటర్‌కి హాని చేసే వీలుంది. ఒకే కుండలో వండితే, అందులో రాయి పడినా అందరి పంటికిందకీ వస్తుంది మరి! వెంటనే దిద్దారు. దిద్దాల్సిన చోటు ఎక్కడో తెలియడం, ఆ కోడ్ అందరికీ కనిపించడం కలిసొచ్చాయి.

ఆఫీసైనా, అపార్ట్‌మెంటైనా, ఉమ్మడి కుటుంబమైనా ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఏది అందరిదీ, ఏది ఎవరికి వారిదీ? అందరికీ ఒకటే అయిన పనిని ఒక్కచోట పెట్టాలి. తనకే ప్రత్యేకమైన పనిని వారికే వదిలెయ్యాలి. మధ్యలో గీత ఎక్కడ గియ్యాలో తేల్చుకోవాలి, అవసరమైతే ఆ గీతని జరుపుకోవడానికీ సిద్ధంగా ఉండాలి. లినక్స్ వాళ్ళు 2006లో తేల్చుకున్నది అదే. అందుకోసం ఏడాదికి పైగా ఆగారు. రాసుకున్న డ్రైవర్లను తిరగరాశారు.

ఆ శ్రమ ఇప్పుడు ఎవరికీ కనిపించదు. మూలన గీతలు వెలుగుతాయి, అంతే. ఇంట్లో నెట్ ఆగితే మాత్రం ముందు రౌటర్ స్విచ్ వేసి ఉందో లేదో చూడండి. అన్నిసార్లూ తప్పు డ్రైవర్‌ది కాదు!